ట్రక్కు, ఆటో ట్రాలీకి ఇంటి దగ్గర మార్పులు: ఇనుము కోసే పనిముట్ల ఎంపిక

పత్తి తీతలు దగ్గరపడుతున్నాయంటే దమ్మపేట, అశ్వారావుపేట, ములకలపల్లి వైపు ట్రాక్టరు ట్రక్కుల మరమ్మతులు మొదలవుతాయి. తుప్పు పట్టిన అడుగు రేకు మార్చడం, వంగిన డోరు యాంగ్లర్ తీసేయడం, పామాయిల్ గెలలు జారిపోకుండా వెనుక డోరుకు జాలీ బిగించడం వంటి పనులు చాలామంది రైతులు ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. మండల కేంద్రం దూరంగా ఉండే అడవి అంచు గ్రామాల్లో ఇది సహజమే. అయితే అన్ని పనులకూ గ్రైండర్ ఒక్కటే వాడటం వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయి. కోసే ఇనుమును బట్టి పనిముట్టును ఎంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

కోసే ముందు చూసుకోవాల్సినవి

కోయాల్సింది రేకా, పైపా, యాంగ్లరా, మందపాటి పట్టీనా అన్నది మొదట చూడాలి. ఆ భాగం బరువు మోసేదా కాదా అన్నది రెండోది. చుట్టుపక్కల గడ్డివాము, పత్తి కట్టె, ఎండుటాకు, డీజిల్ ఉన్నాయా అన్నది మూడోది. నట్టు, బోల్టు ఊడదీస్తే సరిపోయే చోట కోయాల్సిన అవసరమే లేదు. తుప్పు పట్టిన బోల్టుకు ముందు రోజు సాయంత్రం నూనె పోసి ఉంచితే చాలావరకు తెల్లారికి వదులవుతుంది.

ఏ పనికి ఏ పనిముట్టు?

హ్యాక్సా బ్లేడు: నాలుగైదు కోతలే ఉంటే ఇదే మేలు. కరెంటు అక్కర్లేదు, నిప్పురవ్వలు రావు. 12 అంగుళాల బ్లేడు మీద అంగుళానికి ఎన్ని పళ్లో రాసి ఉంటుంది. మందపాటి పట్టీకి, కడ్డీకి 18 పళ్లది, యాంగ్లర్‌కు 24 పళ్లది, పలుచని పైపుకు 32 పళ్లది తీసుకోవాలి. కోసేటప్పుడు ఇనుము మందం మీద కనీసం మూడు పళ్లు ఆనాలి. లేకపోతే పళ్లు విరిగిపోతాయి. బ్లేడు పళ్లు ముందు వైపు చూసేలా బిగించి, ముందుకు నెట్టేటప్పుడే బరువు వేయాలి.

రేకు కత్తెర: సుమారు 1.2 మిల్లీమీటర్ల (18 గేజ్) లోపు ఇనుప రేకుకు ఇది చాలు. జింకు పూత ఉన్న జీఐ రేకును వేడితో కోస్తే వచ్చే పొగ పీల్చినవారికి ఆ రాత్రికి చలిజ్వరం రావచ్చు. అందుకే అలాంటి రేకుకు కత్తెరే మంచిది.

4 అంగుళాల గ్రైండర్: కోతలు ఎక్కువగా ఉన్నప్పుడు, హ్యాక్సా పట్టని మూలల్లో ఇది పనికొస్తుంది. రేకు, పైపు, యాంగ్లర్‌కు 1 నుంచి 1.2 మిల్లీమీటర్ల పలుచని కటింగ్ డిస్కు వాడాలి. అంచు నునుపు చేయడానికి 6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్కు వేరుగా ఉంటుంది. కటింగ్ డిస్కు పక్కవాటుతో ఎప్పుడూ రుద్దకూడదు.

14 అంగుళాల కటింగ్ మిషన్: ఒకే కొలతతో పదుల సంఖ్యలో ముక్కలు కావాలంటేనే దీని అవసరం. కొనడం కంటే ఆ కోతల వరకు వెల్డింగ్ షాపులో కోయించుకోవడం చౌక.

గ్యాస్ కటింగ్: మందపాటి ఇనుముకు వాడతారు. ఇది అనుభవం ఉన్న షాపులోనే చేయించాలి. వంట గ్యాస్ సిలిండరును దీనికి వాడకూడదు.

డిస్కు కొనేటప్పుడు

4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. డిస్కు మీద రాసిన వేగం మిషను వేగం కంటే తక్కువ ఉండకూడదు. మధ్యలోని ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటే చూసుకోవాలి. గడువు దాటినవి, తడిసినవి, అంచు విరిగినవి పారేయాలి. గార్డు తీసేసి 5 అంగుళాల డిస్కు గానీ, కర్ర కోసే పళ్ల బ్లేడు గానీ బిగించకూడదు. గార్డు లేని మిషన్‌తో యాంగ్లర్ కోస్తుండగా డిస్కు పగిలి, ముక్క తొడలో దిగిన రైతును నేను చూశాను. ఆ సీజనంతా ఆయన చేను ఇంటివాళ్లే చూసుకోవాల్సి వచ్చింది.

నిప్పు, కళ్లు, కరెంటు

గ్రైండర్ రవ్వలు పది మీటర్ల దూరం వరకు వెళ్తాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు మన అడవి అంచున ఎండుటాకు దట్టంగా పడి ఉంటుంది. ఆ రోజుల్లో చేను గట్టు మీద, అడవి పక్కన గ్రైండర్ పెట్టవద్దు. ఇంటి దగ్గర చదును చేసిన మట్టి నేల మీద, చుట్టూ పది మీటర్లకు పైగా ఊడ్చి, నీళ్లు చల్లి పని చేయాలి. రెండు బిందెల నీళ్లు, ఇసుక దగ్గర ఉంచుకోవాలి. పని అయ్యాక అరగంట పాటు ఒకరు అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

పక్కలు కూడా మూసుకునే కంటి అద్దాలు తప్పనిసరి. ఎండ కళ్లజోడు చాలదు. లుంగీ, మెడలో తువ్వాలు, పాలిస్టర్ చొక్కా వద్దు. నూలు బట్టలు, బూట్లు వేసుకోవాలి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. డిస్కు మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి. ట్రాక్టరు లేదా ఆటో మీద పని అయితే ముందుగా బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి.

కంట్లో ఇనుప రజను గుచ్చుకుంటే నలపకూడదు, మీరే తీయకూడదు. కన్ను కప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గాయమైతే 108కి, మంటలు లేస్తే 101కి ఫోన్ చేయాలి.

ఇంటి దగ్గర కోయకూడనివి

- డీజిల్ ట్యాంకు, ఖాళీ నూనె డ్రమ్ము, పురుగుమందు డబ్బా. ఖాళీగా కనిపించినా లోపలి ఆవిరి రవ్వకు అంటుకుని పేలుతుంది.
- చాసిస్, ట్రక్కు కొక్కెం, ఇరుసు, బ్రేకు గొట్టాలు. ఇవి బలహీనపడితే లోడుతో దిగుడు దారిలో ట్రక్కు తెగిపోవచ్చు.
- హైడ్రాలిక్ పైపులు. లోపల ఒత్తిడి ఉంటే నూనె చర్మంలోకి చొచ్చుకుపోతుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్రక్కు కూడా దీని కిందికే వస్తుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తుప్పు రేకు మార్చడం మరమ్మతు కిందికి వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పెంచాలంటే మాత్రం ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

చిన్న రైతుకు ఒక హ్యాక్సా, మూడు రకాల బ్లేడ్లు, ఒక రేకు కత్తెర సొంతంగా ఉంటే చాలు. గ్రైండర్‌ను ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి కొనుక్కోవచ్చు. గార్డు, కంటి అద్దాలు మాత్రం మిషనుతో పాటే చేతులు మారాలి.