పొగచూరిన తేనీరు – సామర్లకోట వైద్యుడు

తెలుగువారి వంటింట్లో పొగవాసన ఒక దోషం. పాలు పొగవాసన కొడితే పొయ్యి దగ్గర నిలబడ్డవారికి మాట తప్పదు. పప్పు అడుగంటితే ఆ పూట భోజనం చెడినట్టే. అయినా ఆ దోషాన్నే గుణంగా మార్చుకొన్న సందర్భాలు మనకు లేకపోలేదు. నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసే పచ్చడిలో ఆ పొగ లేకపోతే మిగిలేది వట్టి ఉడికిన వంకాయ. గోదావరి జిల్లాల పల్లెల్లో పిడకల దాలిలో పొద్దంతా కాగి, ఎర్రబారి, మందంగా మీగడ కట్టిన పాల రుచిలో సగం పాలది, సగం దాలిది. దోషం ఎక్కడ ముగిసి గుణం ఎక్కడ మొదలవుతుందో నాలుకకు తెలుసు గాని, మాటల్లో చెప్పడం కష్టం.

తేయాకుల్లో ఆ సరిహద్దు మీద నిలిచినది ఒకటున్నది. ఆంగ్లేయ వర్తకులు దానిని లాప్సంగ్ సూచాంగ్ అన్నారు. చైనీయులు జెంగ్‌షాన్ షియావ్‌జోంగ్ అంటారు. అసలు కొండ మీది చిన్న రకపు ఆకు అని దాని భావం. పుట్టినిల్లు చైనా ఆగ్నేయ తీరాన ఫూజియన్ రాష్ట్రంలోని వూయీ కొండలు, వాటిలో తోంగ్ము అనే గ్రామం. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి సోకి ఎర్రబారేదాకా ఉంచి, చివరకు ఆరబెట్టడం నల్ల తేయాకుకు ఎక్కడైనా ఉన్న పద్ధతే. తోంగ్ములోని విశేషమల్లా, వాడబెట్టడం, ఆరబెట్టడం రెండూ పైన్ కట్టెల పొగ మీద జరగడం. అందుకోసం అంతస్తులుగా కట్టిన కొయ్య కట్టడాలున్నాయి. క్రింద పైన్ కట్టెలు కాలుతూ ఉంటే, ఆ వేడీ పొగా సందుల గుండా పైకెక్కి చాపల మీద పరచిన ఆకును తడుముతాయి. పదిహేడో శతాబ్దంలో సైన్యమొకటి ఆ ఊళ్ళో దిగిందనీ, దాంతో పని నిలిచిపోయి ఆకు పాడైపోతుంటే రైతులు హడావుడిగా పైన్ మంటల మీద ఆరబెట్టారనీ, పారవేయలేక అమ్మిన ఆ సరుకునే మరుసటి ఏడు వర్తకులు వెతుక్కుంటూ వచ్చారనీ అక్కడ ఒక కథ చెప్పుకొంటారు. కథ నిజమైనా కాకపోయినా, కొండల్లో తేమ ఎక్కువ, ఎండ తక్కువ. పొగ మీద ఆరబెట్టడం వారికి అవసరమే.

వూయీ అన్న మాటను ఫూజియన్ దక్షిణ తీరపు మాండలికంలో పలికితే యూరోపియన్ల చెవికి 'బోహీ' అని వినిపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో నల్ల తేయాకుకు బోహీ మారుపేరైపోయింది. 1773లో బోస్టన్ రేవులో అమెరికా వలసవాసులు సముద్రంలో పారబోసిన తూర్పు ఇండియా కంపెనీ సరుకులో అధికభాగం బోహీయే. 'తే' అన్న మాట కూడా ఆ తీరానిదే. డచ్చి ఓడల్లో యూరప్ చేరి, అక్కడ టీ అయింది. భూమార్గాన పర్షియా మీదుగా నడిచిన మాట 'చా'. అది చాయ్ అయింది. కోస్తా వాడు టీ తాగితే హైదరాబాదు వాడు చాయ్ తాగుతాడు. మన భాషలోనే ఒక సముద్రమార్గం, ఒక ఒంటెల బాట ప్రక్కప్రక్కనే ఉన్నాయి.

ఇక ఈ ఆకు మన సామర్లకోటకు ఎలా చుట్టమయిందో చూద్దాం.

వృక్షశాస్త్రానికి నామకరణ పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ పండితుడు లిన్నేయస్‌కు తేయాకు మీద విపరీతమైన ఆసక్తి. చైనా ఆకు కోసం దేశపు వెండి అంతా తరలిపోతున్నదని ఆయన బెంగ. ఆ మొక్కను స్వీడన్‌లోనే పెంచగలిగితే వెండి మిగులుతుందని ఆశ. 1763లో ఎకెబెర్గ్ అనే ఓడ కప్తాను సజీవమైన తేయాకు మొక్కలను ఉప్సలాకు చేర్చాడు కూడా. ఆ చలిదేశంలో అవి నిలవలేదు. ఆకుపచ్చ తేయాకు, నల్ల తేయాకు రెండు వేరువేరు మొక్కల నుండి వస్తాయని లిన్నేయస్ నమ్మి, రెండవదానికి 'థియా బోహీయా' అని పేరు పెట్టాడు. రెండూ ఒకే మొక్క ఆకులనీ, తేడా అంతా చేసే పద్ధతిలోనే ఉన్నదనీ 1840లలో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనాలో స్వయంగా చూసి రాసేదాకా యూరప్‌లో ఆ భ్రమ పూర్తిగా వదలలేదు.

ఆ లిన్నేయస్ శిష్యుల్లో ఒకడు యోహాన్ కోనిగ్. దక్షిణాదిన డేనుల స్థావరమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుండి మద్రాసు ప్రభుత్వంలోను ప్రకృతి పరిశోధకుడుగా పనిచేశాడు. 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు. జగన్నాథపురం డచ్చి వర్తకులు స్థావరం ఏర్పరచుకొన్న రేవు. చివరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసినవాడు, అక్కడికి పదిహేను కిలోమీటర్లు కూడా లేని సామర్లకోటలో కంపెనీ సైనికుల దళానికి వైద్యుడుగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్.

సామర్లకోట అనగానే మనకు చాళుక్య భీముడు కట్టించిన కుమారారామ భీమేశ్వరాలయం, కాకినాడకు రైలు మారే జంక్షను గుర్తుకొస్తాయి. భారతీయ వృక్షశాస్త్రానికి పునాదులు పడిన ఊళ్ళలో అదొకటన్నది స్థానికులకు కూడా అంతగా గుర్తు లేదు. స్కాట్లండులో 1751లో పుట్టి, ఎడింబరోలో చదివి, 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరిన రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోట వచ్చాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళేదాకా, ఇంచుమించు పన్నెండేళ్ళు, అతని కార్యక్షేత్రం ఇదే. ఇక్కడ ఒక తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, మల్బరీ మొదలైనవాటిని పరీక్షించాడు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీలలో ఏలేరు పరీవాహక ప్రాంతపు రైతులు చెరకు పండించి బెల్లం వండే విధానాన్ని వివరంగా వ్రాసి పెట్టాడు.

ఇదంతా కేవలం విద్యాసక్తి కాదు. 1784లో బ్రిటిష్ పార్లమెంటు తేయాకు మీద పన్నును నూటికి 119 నుండి 12.5కు తగ్గించింది. దొంగరవాణా పడిపోయి కంపెనీ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. కాంటన్‌లో చెల్లించవలసిన వెండీ పెరిగింది. లిన్నేయస్ బెంగే ఇప్పుడు లండనుకు పట్టుకొంది. 1788లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ తేయాకును భారతదేశంలోనే పెంచమని కంపెనీకి సలహా ఇచ్చాడు. ఉష్ణమండలపు మైదానాలు కాకుండా బీహారు, రంగపూర్, కూచ్‌బిహార్ వంటి ఉత్తరపు జిల్లాలు దానికి తగినవని అతని అభిప్రాయం. మరుసటి ఏడు, 1789లో, రాక్స్‌బర్గ్ మద్రాసులో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. ఏ మొక్క ఏ నేలలో పెరిగితే ఎంత వెండి మిగులుతుందన్న లెక్కలో సామర్లకోట తోట కూడా ఒక అంకె.

తేయాకుకు పుల్లని నేల కావాలి, నీరు నిలవని వాలు కావాలి, ఏడాది పొడుగునా తడి కావాలి. గోదావరి ఒండ్రు నేల, రోహిణీ కార్తె ఎండలు దానికి సరిపడవు. ఇక్కడ తేయాకు కన్నా పెద్ద ప్రశ్న అన్నం. 1789 నుండి వరుసగా వానలు తప్పి, 1791–92 నాటికి ఉత్తర సర్కారులు ఘోరమైన కరువులో పడ్డాయి. గోదావరికి ఇంకా ఆనకట్ట లేదు. అది రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. రాక్స్‌బర్గ్ కళ్ళెదుటే జనం రాలిపోయారు. నూరేళ్ళ క్రిందట, 1680లలో కూడా ఇలాంటి కరువే వచ్చిందని పిఠాపురం రాజావారి ద్వారా తెలుసుకొని నమోదు చేశాడు. అప్పటినుండి అతని ఉత్తరాల్లో వ్యాపారపు మొక్కల ప్రక్కన మరో జాబితా కనిపిస్తుంది: కొబ్బరి, పనస, అరటి, ఈత, సగ్గుబియ్యపు చెట్టు. వానలు తప్పినా కడుపు నింపేవాటిని గట్ల మీద, బాటల వెంట నాటించాలని కంపెనీకి సలహా ఇచ్చాడు. తోట ఎవరి కోసం అన్న ప్రశ్నకు కరువు చెప్పిన జవాబు అది.

అతడు సామర్లకోట ప్రాంతంలో మొదలుపెట్టిన పని 'కోరమండల్ తీరపు మొక్కలు' అన్న పేరుతో 1795 నుండి 1820 వరకు లండనులో మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో వెలువడింది. పుటపుటనా 'తెలింగ' పేర్లున్నాయి. ఆ పేర్లను అతనికి ఎవరు చెప్పారు? ఏ ఆకు ఏ రోగానికో, ఏ బెరడు ఏ రంగుకో చెప్పిన వైద్యులు, చాకళ్ళు, కొండవాళ్ళు, గొడ్లకాపరులు ఎవరు? బొమ్మలు వేసిన మనదేశపు చిత్రకారులెవరు? పుస్తకం మీద పేరు రాక్స్‌బర్గ్‌దే. అయినా వారి మాట ఒకటి అంతర్జాతీయ శాస్త్రంలో చెక్కుచెదరక నిలిచింది. మన సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని అతడు వ్రాశాడు. తరువాతి పండితులు ఆ చెట్టు ప్రజాతికి 'సోయ్‌మిడా' అని పేరు పెట్టారు. అది సాక్షాత్తు మన సోమిదే.

కంపెనీ వెతికిన తేయాకు చివరకు అస్సాం అడవుల్లో సహజంగానే పెరుగుతూ కనిపించింది. సింగ్ఫో తెగవారు వాడుతున్న ఆ మొక్క సంగతి 1823లో రాబర్ట్ బ్రూస్‌కు తెలిసింది. 1839 జనవరిలో అస్సాం తేయాకు లండను వేలంపాటకు చేరింది. ఆ తోటల్లో ఆకు కోయడానికి కూలీలను తరలించిన ప్రాంతాల్లో మన గంజాం, విశాఖపట్నం జిల్లాలూ ఉన్నాయి. వారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. 1930లో అస్సాంలోనే ఆకును చితిపి, చీల్చి, చుట్టే సీటీసీ యంత్రం వచ్చింది. మన బడ్డీకొట్లలో పాలతో మరిగే గుళికల టీ పొడి దాని ఫలితం. అలా మన నాలుకకు టీ అంటే పాలు, పంచదార, చిక్కదనం అయి కూర్చుంది. అందుకే పొగ తేనీరు మొదటిసారి మనకు విచిత్రంగా తోస్తుంది.

దానిని కాచే విధం సులువే. ఆకు పెద్దది, తేలికైనది. కనుక ఒక కప్పుకు చెంచా గోపురంగా నింపాలి, రమారమి మూడు గ్రాములు. నీరు తెర్లాక దించి, అర నిమిషం ఆగి, ఆకు మీద పోయాలి. ఆకును నీళ్ళలో వేసి మరిగించకూడదు. మూత పెట్టి మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. ఆపైన వగరు ముదిరి తీపిని మింగేస్తుంది. పాలు పోయవద్దు. వడకట్టిన ఆకును పారవేయక మళ్ళీ వేడినీళ్ళు పోస్తే రెండవ కప్పు మొదటిదానికన్నా మృదువుగా వస్తుంది. డబ్బాను మాత్రం పోపులపెట్టెకు, ఇంగువకు దూరంగా ఉంచాలి. అది వాటి వాసనను పట్టుకొంటుంది, తన వాసనను వాటికి అంటిస్తుంది.

మూత తీయగానే ముక్కుకు తగిలేది హోమగుండం ప్రక్కన కూర్చున్నప్పటి వాసన. తేనీటి రంగు కాగిన బెల్లపు పాకం వంటి ఎరుపు. మొదటి గుక్కలో పొగ ముందు నడుస్తుంది. రెండో గుక్కకు పొగ ప్రక్కకు తప్పుకొని, ఎండు ఖర్జూరం వంటి తీపి బయటపడుతుంది. గొంతు దిగాక చాలాసేపు మిగిలేది పైన్ జిగురు చల్లదనం. నాసిరకం ఆకైతే పొగ ఒక్కటే ఉంటుంది, వెనుక ఏమీ ఉండదు. మంచి ఆకును గుర్తుపట్టే పద్ధతి ఇదే: పొగ తప్పుకొన్నాక ఏం మిగిలింది?

ఆ పరిమళాన్ని రసాయనికులు విడదీసి చూస్తే అందులో ప్రధానంగా కనిపించిన పదార్థాలలో ఒకటి లాంగిఫోలీన్. పైన్ కట్టె పొగ నుండి ఆకుకు సంక్రమించేది అది. దానికా పేరు రావడానికి కారణం మన హిమాలయపు పైన్ చెట్టు. కాళిదాసు కుమారసంభవంలో ఏనుగులు ఒళ్ళు రుద్దుకొన్న సరళ వృక్షం అదేనని పండితుల మాట. ఆ చెట్టుకు 'పైనస్ లాంగిఫోలియా', అనగా పొడుగాకుల పైన్, అని పేరు పెట్టినవాడు రాక్స్‌బర్గ్. ఆ పేరు అంతకుముందే వేరొక చెట్టుకు వాడబడిందని తేలడంతో, 1897లో సార్జెంట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దానిని 'పైనస్ రాక్స్‌బర్గియై' అని మార్చాడు. చెట్టుకు వైద్యుడి పేరు దక్కింది; వైద్యుడు పెట్టిన పాత పేరు పొగలోని పదార్థానికి మిగిలింది.

సామర్లకోటలో తేయాకు పండలేదు. ఆనాటి తోట కూడా నేడు లేదు. కాని వూయీ కొండల పొగ తేనీటిని వర్ణించబోయే శాస్త్రజ్ఞుడు, తనకు తెలియకుండానే, ఒకప్పుడు ఏలేటి గట్ల మీద తెలుగు రైతులను చెట్ల పేర్లడిగి వ్రాసుకొన్న మనిషి మాటను పలుకుతాడు. ఆ మనిషికి పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం ఏ పుటలోనూ లేవు. ఈసారి కాల్చిన వంకాయ పచ్చడి కలుపుకొన్నప్పుడో, సామర్లకోట జంక్షనులో బండి ఆగినప్పుడో వారిని ఒక్కసారి తలచుకొంటే ఆ లోటు కొంతయినా తీరుతుంది.