బేగంపేట నుంచి ఎగిరిన ప్రేమ్ మాథుర్

హైదరాబాద్‌లోని బేగంపేట చరిత్ర అనగానే పైగా ప్యాలెస్, నిజాం కాలం, పాత ఎయిర్‌పోర్టు అంటూ గబగబా ముగించేయడం ఇక్కడివాళ్లకు అలవాటు. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్‌కు ఉద్యోగం ఇచ్చింది ఈ ఊరి విమాన కంపెనీయేనన్న సంగతి ఆ కబుర్లలోకి పెద్దగా రాదు. ఆమె ప్రేమ్ మాథుర్.

ఆమె హైదరాబాదీ కాదు. అలీగఢ్‌లో పుట్టి అలహాబాద్‌లో పెరిగారు. అక్కడి ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించారు. లైసెన్సు చేతిలో ఉన్నా, ఆడమనిషన్న కారణంతో ఎనిమిది ప్రైవేటు కంపెనీలు కాదు పొమ్మన్నాయి. తీసుకున్నది హైదరాబాద్ కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్.

ఆ కంపెనీ పుట్టుకా చిత్రమే. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటాలతో చేయి కలిపి దాన్ని పెట్టింది. రైల్వేకి విమానాలతో ఏం పని అనుకోనక్కర్లేదు. 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిందీ ఆ రైల్వేనే. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. పట్టాలు, రోడ్లు అయ్యాక మిగిలింది ఆకాశమే కదా!

డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలు. రెండింజన్ల ఈ విమానం నేల మీద ముక్కు పైకెత్తి, తోక కింది చిన్న చక్రం మీద కూర్చుంటుంది. లోపలికెళ్లిన ప్రయాణికుడు సీటు దాకా ఎగువకు నడవాలి. రన్‌వే వైపు వెళ్లేటప్పుడు పైలట్‌కు ఎదురుగా దారి కొంత మరుగవుతుంది, ముక్కే అడ్డం. కంట్రోళ్లకు యంత్ర సాయం లేదు, గాలి మొరాయిస్తే చేతులతో, కాళ్లతో అదుపు చేయాల్సిందే. ఇది ఆడవాళ్ల వల్ల అవుతుందా అన్న అనుమానం ఎవరికైనా మిగిలి ఉంటే, 1949లో నేషనల్ ఎయిర్ రేస్ గెలిచి ఆమె దాన్ని తీర్చేశారు.

అయినా హైదరాబాద్ మరీ మురిసిపోవడానికి వీల్లేదు. కాక్‌పిట్‌లో ఎడమ సీటు కమాండర్‌ది, కుడిది కో-పైలట్‌ది. కావలసినన్ని గంటలు ఎగిరినా కంపెనీ ఆమెను ఎడమ సీటులో కూర్చోనివ్వలేదు. ఎనిమిది కంపెనీలు ఇవ్వని ఉద్యోగం ఇచ్చిన ఊరు, అసలు హోదా దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంది. ఆ రెండు ముక్కలూ కలిపి చెబితేనే మన చరిత్ర. ఆమె ఢిల్లీ వెళ్లి జి.డి. బిర్లా సొంత విమానం నడిపారు, తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. 1953 జాతీయీకరణలో డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులోనే కలిసిపోయింది. ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటెన్ ఆమె నడిపిన విమానాలెక్కినవాళ్లే. 1992లో ఆమె కన్నుమూశారు.

ఎడమ సీటు తర్వాతి తరానికి దక్కింది. 1985 నవంబరులో కోల్‌కతా నుంచి సిల్చార్‌కు వెళ్లిన ఫోకర్ విమానానికి కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్ కమాండర్, పక్కన నివేదితా భసీన్. సిబ్బంది మొత్తం మహిళలే. 2016 జూన్ 18న హైదరాబాద్ శివారు దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందారు. అంతకుముందు హకీంపేటలో కిరణ్ విమానాల మీద వాళ్లు శిక్షణ పొందారు.

2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట చప్పుడు తగ్గింది గానీ మూగబోలేదు. రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శనకు జనం ఎగబడతారు. తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఇక్కడే ఉంది, పైలట్ కావాలనుకునే అమ్మాయిలూ అబ్బాయిలూ పాఠాలకు వచ్చేది ఈ గేటులోంచే. మొదటి క్లాసులోనే వాళ్లకు ప్రేమ్ మాథుర్ కథ, ఆ కుడి సీటు సంగతితో సహా, చెబితే బాగుంటుంది.