పబ్లిక్ అంటే ఎవరు? ఒక నల్లజాతి హైస్కూలు ఆటల చరిత్ర

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ తన జనంతో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అప్పటికే పబ్లిక్ చెరువు. 1923లో బొంబాయి శాసనమండలి చేసిన తీర్మానాన్ని అనుసరించి 1924లో మహాడ్ మునిసిపాలిటీ దాన్ని అందరిదీ అని ప్రకటించింది. కాగితం మీద అందరిదీ. గట్టు మీద మాత్రం కాదు. నీళ్లు తాగిన నేరానికి మనవాళ్లు ఆ రోజు దెబ్బలు తిన్నారు.

అదే యేడు సెప్టెంబరులో అమెరికాలోని యిండియానాపొలిస్ నగరంలో ఒక పబ్లిక్ హైస్కూలు తెరిచారు. నల్లపిల్లల కోసం మాత్రమే. పేరు క్రిస్పస్ ఆటక్స్ హైస్కూలు. ఈ రెండు ఘటనలకీ నేరుగా సంబంధం లేదు. కాని రెండు చోట్లా ఆధిపత్య సమాజం ముందు నిలబడ్డ ప్రశ్న ఒక్కటే: పబ్లిక్ అంటే ఎవరు? ఈ ప్రశ్నకి ఆటస్థలంలో ఎలాంటి జవాబు దొరికిందో చూడటానికే మేము ఆ బడి చరిత్రలోకి వెళ్తున్నాం.

అంతకుముందు ఆ నగరంలో నల్లపిల్లలు షార్ట్‌రిడ్జ్, ఆర్సెనల్ టెక్, మాన్యువల్ హైస్కూళ్లలో తెల్లపిల్లలతో కలిసే చదివేవాళ్లు. వాళ్లని వేరు చేయాలన్న నిర్ణయం 1922లో జరిగింది. ఆ రోజుల్లో యిండియానాలో కూ క్లక్స్ క్లాన్ బలంగా వుంది. 1925లో స్కూలు బోర్డు కూడా క్లాన్ మద్దతు వున్నవాళ్ల చేతికే వచ్చింది. అందుకే ఈ బడిని క్లాన్ కట్టిన బడి అంటుంటారు. యిది సగం నిజమే. వేరు బడి కావాలని ముందుగా అర్జీలు పెట్టింది ముసుగులు వేసుకున్నవాళ్లు కాదు, చాంబర్ ఆఫ్ కామర్స్, పౌర సంఘాల సమాఖ్య లాంటి పెద్దమనుషుల సంస్థలు. కత్తి పట్టినవాణ్ణి గుర్తు పట్టడం తేలిక. అర్జీ రాసిన మర్యాదస్తుణ్ణి గుర్తు పట్టడమే కష్టం. కారంచేడు, చుండూరు చూసిన మనకి ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నల్లజనం వూరుకోలేదు. ఆర్చీ గ్రేట్‌హౌస్ పేరుతో కోర్టుకి వెళ్లారు. రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. బడికి బోర్డు మొదట అనుకున్న పేరు థామస్ జెఫర్సన్. వందలాది మందిని బానిసలుగా వుంచుకున్న మనిషి పేరు నల్లపిల్లల బడికి! దాని మీద అర్జీలు పెట్టి పోరాడి పేరు మార్పించారు. క్రిస్పస్ ఆటక్స్ 1770లో బోస్టన్‌లో బ్రిటిషు సైనికుల తూటాలకి నేలకొరిగిన నల్లవాడు. అమెరికా స్వాతంత్ర్యం కోసం ముందు రక్తం చిందించినవాళ్లలో ఒకడు. గోడలు ఎదుటివాడు కట్టాడు, పేరు మాత్రం వీళ్లు పెట్టుకున్నారు. ఆ బడి చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య నడిచింది.

యిక ఆటల సంగతి. యిండియానాలో బాస్కెట్‌బాల్ అంటే అక్కడి జనానికి పిచ్చి. పెద్ద నగరం బడీ, పల్లెటూరి బడీ ఒకే పోటీలో ఆడే రాష్ట్ర చాంపియన్‌షిప్ 1911 నుంచీ జరుగుతోంది. కాని ఆటక్స్ బడికి అందులో చోటు లేదు. రాష్ట్ర హైస్కూళ్ల క్రీడా సంఘం 1942 దాకా సభ్యత్వం యివ్వలేదు. వాళ్లు చెప్పిన కారణం వినండి: ఆ బడిలో నల్లపిల్లలు మాత్రమే చదువుతారు కాబట్టి అది అందరికీ తెరిచిన పబ్లిక్ స్కూలు కాదట! నల్లపిల్లల్ని అక్కడికి తోసింది ప్రభుత్వ బోర్డు. తోసినందుకు శిక్ష ఆ పిల్లలకి. తెల్లపిల్లలు మాత్రమే చదివే బడి పబ్లిక్, నల్లపిల్లలు మాత్రమే చదివే బడి కాదు. వూరు అంటే వాడని కలపకుండా లెక్కపెట్టే మన పల్లెల లెక్క కూడా అచ్చం యిదే.

ఆ పదిహేనేళ్లూ ఆటక్స్ జట్టు తనని రానిచ్చిన చోటల్లా తిరిగి ఆడింది. చిన్న చిన్న పల్లె బడులతో, దూరపు నల్లజాతి బడులతో ఆడింది. సొంత జిమ్ మరీ చిన్నది. పెద్ద ఆటలన్నీ పరాయి నేల మీదే. దారిలో హోటళ్లలో అన్నం పెట్టేవాళ్లు లేరు. యిది చదువుతున్నప్పుడు మాకు మా హైస్కూలు రోజులు గుర్తొచ్చాయి. కబడ్డీ జట్టులో మా వాడ పిల్లలే నలుగురైదుగురం వుండేవాళ్లం. కూతకి వెళ్తే వూరంతా ఈలలు వేసేది. ఆట అయ్యాక నీళ్లు మాత్రం దోసిట్లో పోసేవాళ్లు. కప్పు గెలిచిన చేతులే, గ్లాసు ముట్టుకోకూడదు.

సంఘంలో చేర్చుకున్నాక కూడా చాలా కాలం ఆటక్స్ పెద్దలు భయం భయంగానే వున్నారు. తెల్లవాళ్లకి కోపం రాకూడదు, రిఫరీ తప్పు చెప్పినా నోరెత్తకూడదు, ఓడినా మర్యాదగా ఓడాలి. ఈ జాగ్రత్తని యివ్వాళ మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ పిల్లల ప్రాణాలకి, బడి మనుగడకి పూచీ పడ్డవాళ్ల జాగ్రత్త అది. అయితే 1950లో రే క్రో ప్రధాన కోచ్ అయ్యాక పద్ధతి మారింది. క్రమశిక్షణ అలాగే వుంచాడు, గెలవడానికే ఆడమన్నాడు. రిఫరీలు లాక్కునే పాయింట్లని ముందే లెక్కలో వేసుకుని ఆడాలని ఆయన నేర్పేవాడట. 1951లో ఆండర్సన్ జట్టు మీద చివరి క్షణాల్లో బెయిలీ రాబర్ట్‌సన్ వేసిన బంతితో 81-80 తేడాతో గెలిచి, ఆ యేడు రాష్ట్ర ఆఖరి నాలుగు జట్లలోకి వచ్చారు.

బెయిలీ తమ్ముడే ఆస్కార్ రాబర్ట్‌సన్. 1938లో టెనెసీ రాష్ట్రంలో పుట్టి, చిన్నప్పుడే యిండియానాపొలిస్ నల్లవాడకి వచ్చి, అక్కడి మట్టి కోర్టులో ఆట నేర్చుకున్నవాడు. 1955 మార్చి 19న ఫైనల్లో ఆటక్స్ జట్టు గేరీ రూజ్‌వెల్ట్ జట్టుని 97-74 తేడాతో ఓడించింది. ఆ రెండోది కూడా నల్లజాతి బడే. పదమూడేళ్ల కిందట గుమ్మం దగ్గరే ఆపేసిన పోటీలో ఆఖరికి మిగిలిన రెండు జట్లూ నల్లవాళ్లవే! యిండియానాపొలిస్ నగరానికి రాష్ట్ర చాంపియన్‌షిప్ రావడం అదే మొదటిసారి. అన్ని జాతుల బడులూ ఆడే రాష్ట్ర పోటీలో ఒక నల్లజాతి బడి గెలవడం అమెరికాలోనే మొదటిసారి అని చరిత్రకారులు గుర్తించారు. మరుసటి యేడు 31 ఆటలాడి ఒక్కటీ ఓడకుండా, ఫైనల్లో లఫయెట్ జెఫర్సన్ జట్టుని 79-57 తేడాతో ఓడించి మళ్లీ గెలిచారు.

గెలిచిన జట్టుని నగరం నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర వూరేగించి పండగ చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. 1955లో ఆ పండగని సర్కిల్ దగ్గర నిలవనివ్వలేదు. వూరేగింపుని నల్లవాడలోని నార్త్‌వెస్ట్రన్ పార్కుకి మళ్లించారు. గెలుపు నగరానిది, గెలిచినవాళ్లు మాత్రం వాడకి పోవాలి. ఈ అవమానాన్ని రాబర్ట్‌సన్ జీవితాంతం మర్చిపోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. ఆ తర్వాత ఆటగాళ్ల యూనియన్ అధ్యక్షుడయ్యాడు. ఆటగాళ్లని జట్టు యజమానులకి కట్టిపడేసే నిబంధనల మీద 1970లో ఆయన పేరుతో కేసు పడింది. 1976లో అది రాజీకొచ్చి, ఆటగాళ్లకి తమకి నచ్చిన జట్టులోకి వెళ్లే దారి తెరిచింది. ఆట నేర్పిన ఆత్మగౌరవం కోర్టు దాకా నడిచింది.

మరి లోకానికి గుర్తున్నదేమిటి? 1954లో ఆటక్స్‌ని దాటి చాంపియన్ అయిన మైలన్ అనే చిన్న తెల్లపల్లె బడి. దాని స్ఫూర్తితో 1986లో హూజియర్స్ సినిమా వచ్చింది. ఎవరి గెలుపు కథ అవుతుంది, ఎవరి గెలుపు వట్టి స్కోరుగా మిగిలిపోతుంది అన్నది కూడా ఆధిపత్యమే తేలుస్తుంది.

యిక్కడ యింకో చిక్కు ప్రశ్న వుంది. వేరు బడి చెరసాలా, కోటా? ఆటక్స్ రెండూ అయ్యింది. పెద్ద డిగ్రీలున్న నల్ల పండితులని తెల్ల విశ్వవిద్యాలయాలు తీసుకోలేదు కాబట్టి, మాస్టర్స్, డాక్టరేట్లు చేసినవాళ్లు ఆ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. అందుకే అక్కణ్ణుంచి ఆటగాళ్లే కాదు, జాజ్ విద్వాంసులు జె.జె. జాన్సన్, డేవిడ్ బేకర్, 1955లోనే అక్కడ చదువు ముగించి తర్వాత అమెరికా పార్లమెంటుకి ఎన్నికైన జూలియా కార్సన్ వచ్చారు. ఆటక్స్ గెలిచాక తెల్ల బడులు కూడా నల్ల ఆటగాళ్లని చేర్చుకోవాలని తహతహలాడాయి. సమానత్వం కోసం కాదు, కప్పు కోసం. 1949లోనే రాష్ట్రం వేర్పాటుని రద్దు చేస్తూ చట్టం చేసింది. అయినా 1971లో ఫెడరల్ న్యాయమూర్తి హ్యూ డిలిన్ ఆ నగర స్కూళ్ల బోర్డు వేర్పాటుని కావాలనే కొనసాగించిందని తీర్పు చెప్పాల్సి వచ్చింది. తీరా కలిపే రోజులు వచ్చాక, 1986లో ఆటక్స్ హైస్కూలు స్థాయినే పోగొట్టుకుంది. 2006లో మళ్లీ హైస్కూలయ్యింది, 2017లో మళ్లీ ఒక రాష్ట్ర టైటిల్ గెలిచింది.

ఈ పాఠం మన సంక్షేమ హాస్టళ్లకి, గురుకులాలకి నేరుగా తగులుతుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ల శిఖరాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ బడుల్లో టీచర్లు, లైబ్రరీలు, ఆటస్థలాలు ఎలా వున్నాయని మాత్రం అంతమంది అడగలేదు. 2021లో టోక్యోలో హాకీ జట్టు సెమీఫైనల్ ఓడిన రోజు వందనా కటారియా యింటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే దళిత బిడ్డ.

మన శరీరాన్ని మెచ్చుకుని మన మెదడుని కాదనే పొగడ్తని మనం ఒప్పుకోనక్కర్లేదు. అలాగని ఆటని తక్కువ చేసుకోనూ అక్కర్లేదు. మన హైస్కూళ్లలో, హాస్టళ్లలో ఎవరు ఆడారు, ఎవరు కెప్టెన్ అయ్యారు, ఎవర్ని ఎందుకు తప్పించారు, గెలిచిన సాయంత్రం ఎవరు ఎక్కడ నీళ్లు తాగారు అన్నది ఎక్కడా రాసి లేదు. ఆ మనుషులు యింకా వున్నారు. గోడకి వేలాడే పాత గ్రూపు ఫోటోలు వున్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు ముందు తమ బడి నుంచే మొదలుపెట్టాలి. వాడలో ఆ ఆటగాడి గుమ్మం దగ్గర కూర్చుని అడగాలి. ఆ చెరువు మనది కూడా అని మహాడ్ చెప్పింది. ఆ మైదానం కూడా మనదే అని చెప్పాల్సిన పని మన ముందుంది.