జీపు ముందు ఇరుసు

మానేరు నదిలో వేసవి వచ్చేసరికి నీటికంటె ఇసుకే ఎక్కువ. పైన వానలు కురిసిన కొన్ని గంటలకు అదే నది దారి కట్టివేస్తుంది. సిరిసిల్ల చుట్టుపట్ల పల్లెలలో తరతరాలుగా నడిచిన ఎద్దుబండిని ఒకసారి శ్రద్ధగా చూచినవారికి, ఈ నేలను గురించి మన వడ్రంగులకు ఎంత తెలుసునో బోధపడుతుంది. బండి చక్రాన్ని అంత పెద్దదిగా చేసినది అందం కొరకు కాదు. చక్రం పెద్దదైన కొద్దీ గుంటలో దిగబడటం తగ్గుతుంది. ఇరుసు రాళ్ళకు, దుబ్బలకు అందనంత ఎత్తున ఉంటుంది. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఈ సంగతిని మనం కొంతకాలం మరచిపోయినాము. దానిని మళ్ళీ గుర్తు చేసినది జీపు. అందుచేత ఈ ప్రసంగంలో జీపు కథ, అందులోను దాని ముందు ఇరుసు కథ చెప్పదలచుకొన్నాను.

రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాలో చెలరేగుతున్న 1940 జూలైలో అమెరికా సైన్యం ఒక తేలికైన బండి కావాలని 135 కంపెనీలకు పిలుపు పంపినది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందవలె. బరువు 1300 పౌండ్లకు మించరాదు. మొదటి నమూనా 49 రోజులలో సిద్ధం కావలె. ఆ బరువులో అటువంటి బండిని ఎవరూ చేయలేరని తరువాత సైన్యమే ఒప్పుకొన్నది. గడువును అందుకొన్నది బాంటం అనే చిన్న కంపెనీ. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు గీసిన పటాల ప్రకారం తయారైన బండి సెప్టెంబరు 23వ తేదీన, గడువు ముగియటానికి సుమారు అరగంట ముందు, మేరీలాండ్‌లోని హోలబర్డ్ సైనిక శిబిరానికి చేరినది. అయితే ఫలం మాత్రం ఇతరులకు దక్కినది. పెద్ద ఎత్తున తయారుచేసే శక్తి బాంటంకు లేదని చెప్పి, ఆ పని విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు అప్పగించినారు. యుద్ధం ముగిసేనాటికి ఆ రెండు కంపెనీలు కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులను తయారుచేసినవి.

జీపు అన్న పేరు ఎక్కడినుంచి వచ్చినదన్న దానిమీద వాదోపవాదాలు ఉన్నవి. రెండు ఆంగ్ల అక్షరాలను కలిపి పలుకగా వచ్చినదని కొందరు అంటారు. 1936లో అమెరికా పత్రికల వ్యంగ్యచిత్రాలలో పుట్టిన ఒక వింత జంతువు పేరని మరికొందరు. ఆ జంతువు ఎక్కడికైనా పోగలదట. నాకు రెండవ కథే ఇష్టం. ఇష్టమైనంత మాత్రాన నిజమని చెప్పను.

ఇక బండి పనితనం. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. జీపులో గేరు డబ్బా వెనుక మరొక చిన్న గేరు డబ్బా ఉన్నది. దానికి ట్రాన్స్‌ఫర్ కేసు అని పేరు. అక్కడినుంచి ఒక షాఫ్టు వెనుక ఇరుసుకు, మరొకటి ముందు ఇరుసుకు పోతుంది. డ్రైవరు ఒక లివరును కదిపి ముందు ఇరుసును కలపవచ్చు, విడదీయవచ్చు. ఇంకొక లివరుతో వేగం తగ్గించి లాగే బలాన్ని దాదాపు రెట్టింపు చేసుకోవచ్చు. గట్టి రోడ్డుమీద ముందు ఇరుసును కలిపి ఉంచరాదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం తిరుగవలసి ఉంటుంది. బురదలోనో ఇసుకలోనో అయితే చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకొంటుంది. తారురోడ్డు మీద జారే వీలులేక ఆ ఒత్తిడి అంతా గేర్ల పళ్ళమీద పడుతుంది. ఇంకొక లోపం కూడా ఉన్నది. ప్రతి ఇరుసు మధ్యలోను ఉండే డిఫరెన్షియల్ సులభంగా తిరిగే చక్రం వైపే బలాన్ని పోనిస్తుంది. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటే దాని జోడు చక్రం ఊరకే నిలిచి ఉంటుంది. నాలుగు చక్రాల బండి అని పేరేగాని, చెడ్డ చోట ఇది రెండు చక్రాలతోనే పెనుగులాడుతుంది.

యుద్ధకాలంలో మన దేశంలో పెట్రోలుకు కరవు ఏర్పడి, బస్సులకు బొగ్గు పొయ్యిలు తగిలించినారు. కొద్దిపాటి గాలితో బొగ్గును మండించి, వచ్చిన వాయువుతో ఇంజను నడిపేవారు. బలం బాగా తగ్గేది. కొండ ఎదురైతే ప్రయాణికులు దిగవలసి వచ్చేది. ఉన్న వాహనాన్ని అవసరానికి తగినట్లు మార్చుకొనటం మనకు నిన్నమొన్నటి విద్య కాదని చెప్పటానికే దీనిని ప్రస్తావించినాను. యుద్ధం ముగియగానే సైన్యం వదలిన జీపులు, లారీలు వేలంలోకి వచ్చినవి. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అన్న పేరుతో ఒక కంపెనీ వెలసినది. భాగస్వామి మలిక్ గులాం మొహమ్మద్ పాకిస్తాను వెళ్ళి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయినారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. 1949లో బొంబాయి మజగాఁవ్‌లో విల్లీస్ జీపుల కూర్పు మొదలయినది.

జీపు మన పల్లెలకు బాగా పరిచయమైనది సమితి జీపు రూపంలో. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పటినుంచి బ్లాకు అధికారులకు జీపులు ఇచ్చినారు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడినాక ఆ పేరు స్థిరపడినది. ఊరిలోకి జీపు వచ్చినదంటే ప్రభుత్వం వచ్చినదని అర్థం. రోడ్డులేని ఊరికి అధికారి రాగలిగినాడంటే ఆ ఘనతలో కొంత ముందు ఇరుసుది. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చినవి. పాతబడిన ప్రభుత్వ జీపులు వేలంలో అమ్ముడై ప్రజల చేతికి చేరినవి.

ప్రజల చేతిలో జీపు మారిన తీరు ఏ పుస్తకంలోను వ్రాసి లేదు. మొదట మారినది ఇంజను. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఎగబ్రాకేసరికి పెట్రోలు జీపును నడపటం భారమైనది. పెట్రోలు ఇంజను తీసివేసి డీజిలు ఇంజను పెట్టించటం మొదలయినది. డీజిలు ఇంజను బరువైనది గనుక ముందు కమాన్ పట్టీలు కుంగేవి. మరొక పట్టీ చేర్చేవారు. అదురు ఎక్కువ గనుక ఇంజను నిలిపే రబ్బరు దిండ్లు మార్చేవారు. కంపెనీ కూడా ఈ దారినే నడచి, ఫ్రాన్సు దేశపు ప్యూజో డీజిలు ఇంజనును తెచ్చుకొన్నది. తరువాత మారినది ఒడలు. వెనుక భాగాన్ని పొడిగించి, ఎదురెదురు బల్లలు వేసి, పైన కడ్డీల చట్రం బిగించి, బస్సు రాని ఊళ్ళకు మనుషులను చేరవేసినారు. మన పల్లెలలో కమాండర్ జీపు ఎక్కని పెద్దవారు అరుదు.

చివరికి మారినది ముందు ఇరుసు. సవారి జీపు తిరిగేది మొరం రోడ్డుమీద, తారురోడ్డు మీద. ముందు చక్రాలకు బలం అక్కడ అక్కరలేదు. ముందు షాఫ్టు తీసివేస్తే కొంత బరువు తగ్గుతుంది, మరమ్మతు తగ్గుతుంది. అందుచేత చాలామంది యజమానులు షాఫ్టును విప్పి తుక్కుకు అమ్మినారు. కొందరు ఇరుసునే తీసివేసి ఉత్త ఇరుసు బిగించినారు. కంపెనీ తానే వెనుక చక్రాలతో మాత్రమే నడిచే జీపులను అమ్మసాగినది. విదేశాలలో జీపు ప్రియులు ఇంటివద్ద దానిని అడవి దారులకు అనువుగా మార్చుకొంటున్న కాలంలో, మనవారు దానిని మామూలు రోడ్డు బండిగా మార్చుకొన్నారు. ఇది తెలివితక్కువ అని నేను అనను. పదిమందిని ఎక్కించి నాలుగు రూపాయలు మిగుల్చుకోవలసినవాడు లెక్క సరిగానే చూచుకొన్నాడు. సిరిసిల్లలో సాంచాలను ఎరిగినవారికి ఈ ధోరణి కొత్త కాదు. యంత్రం పాతదైనా విప్పి, అరిగిన భాగం మార్చి, తన గుడ్డకు తగినట్లు బిగించుకొనటం అక్కడి పనివారికి నిత్యకృత్యం. భివండి వెళ్ళి పనిచేసి వచ్చినవారిలో ఆ నేర్పు మరీ ఎక్కువ.

ఆ తరువాత చక్రం తిరిగినది. పల్లెలకు రోడ్లు పడినవి, ఆటోలు వచ్చినవి, సవారి జీపు వెనుకబడినది. అదే సమయంలో యువకులు పాత జీపులను, సైన్యం వదలిన జోంగాలను కొని, ఇంటి ముంగిట నిలిపి, కొండదారులకు పనికివచ్చేట్లు మార్చటం ప్రారంభించినారు. జోంగా జబల్‌పూర్‌లో సైన్యం కొరకు తయారైన బండి. నిస్సాన్ పెట్రోల్ అనే జపాను బండి దానికి మూలం. నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను గనుక దాని దాహం తీర్చటం కష్టం. దానికీ డీజిలు ఇంజనే గతి అయినది.

ఈ మార్పులలో అందరికీ ఇష్టమైనది బండిని ఎత్తు చేయటం. ఇక్కడ ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. కమాన్ పట్టీలు పెంచితే పైన ఒడలు లేస్తుందిగాని, ఇరుసు లేవదు. రాయికి తగిలేది ఇరుసు మధ్యనున్న గుండు. దానిని ఎత్తగలిగినది చక్రం ఒక్కటే. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాల టైరు వేస్తే ఇరుసు లేచేది ఒకటిన్నర అంగుళం మాత్రమే. ఆ ఒకటిన్నర అంగుళానికి చెల్లించే వెల తక్కువ కాదు. లాగే బలం సుమారు పదవ వంతు తగ్గుతుంది. బ్రేకులకు శ్రమ పెరుగుతుంది. ఇరుసు లోపలి షాఫ్టు విరిగే అవకాశం పెరుగుతుంది. మీటరు 40 కిలోమీటర్లు చూపుతుంటే బండి 44 పైన పోతూ ఉంటుంది. ఒడలు ఎత్తైన కొద్దీ బరువు పైకి చేరి, పక్కవాలు దారిలో బండి తిరగబడటం సులభమవుతుంది. అసలు జీపు చక్రాల మధ్య వెడల్పు 49 అంగుళాలే. ఆ వెడల్పుమీద మేడ కట్టరాదు.

డబ్బు ఖర్చులేని మార్పు ఒకటి ఉన్నది. మానేరు ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి కొంత తీసివేస్తే అడుగు భాగం పరచుకొని బండి ఇసుకపై తేలినట్లు పోతుంది. ఒడ్డు ఎక్కగానే మళ్ళీ గాలి కొట్టుకోవలె. లేనిచో రోడ్డుమీద టైరు వేడెక్కి చెడుతుంది. పొలం బురద సంగతి వేరు. పైన పలుచని బురద, క్రింద గట్టి నేల ఉన్నచోట వెడల్పు టైరుకంటె సన్నని టైరే మేలు. అది బురదను కోసుకొని గట్టి నేలను పట్టుకొంటుంది. నల్లరేగడి తడిసినప్పుడు మాత్రం ఏ టైరూ చాలదు. మట్టి గాడులలో కూరుకొని టైరు నున్నని ముద్ద అవుతుంది. అప్పుడు ఎండ వచ్చేదాకా ఆగటమే మార్గం.

నీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంజనుకు గాలి పీల్చే గొట్టాన్ని పైకప్పు దాకా పెంచి, ఇక ఎంత నీటిలోనైనా పోవచ్చునని తలచేవారున్నారు. గొట్టం ఇంజనును కాపాడుతుంది, బండిని కాపాడదు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు నీట మునిగిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటవి. రెండడుగుల లోతున వేగంగా పారే నీరు జీపువంటి బండినైనా తేల్చి ప్రక్కకు నెట్టగలదు. చక్రాలు నేలను వదలిన తరువాత ముందు ఇరుసు, వెనుక ఇరుసు అన్న భేదం ఉండదు. పొంగుతున్న రోడ్ డ్యాం ముందు ఆగినవాడే మంచి డ్రైవరు.

చట్టం కూడా ఇప్పుడు ఈ ఇంటిపనిమీద కన్ను వేసినది. మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేట్లు వాహనాన్ని మార్చరాదు. కేరళనుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానిపై 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలలవరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునన్నారు. ఇంధనం మారేట్లు ఇంజను మార్చుకొనటానికి అనుమతితో కూడిన మార్గం చట్టంలో ఉంచినారు. పాత మెకానిక్కులు కొందరు దీనిని అన్యాయమంటారు. తిరగబడిన సవారి జీపులను చూచినవారు ఆ మాట అనలేరు. రెండు పక్షాల మాటా విన్నాక నాకు తోచినది ఒకటే. ఎత్తు పెంచటాన్ని ఆపటం సబబు. తీసివేసిన ముందు షాఫ్టును తిరిగి బిగించుకొనేవానిని అదే గాట కట్టటం సబబు కాదు. అతడు చేసేది బండిని తయారీదారు ఇచ్చిన రూపానికి తెచ్చుకొనటమే గదా.

2022 ఏప్రిల్ 1నుంచి పదిహేనేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషనును పొడిగించే రుసుము 600 రూపాయలనుంచి 5000కు పెరిగినది. 2023 ఏప్రిల్ 1నుంచి పదిహేనేండ్లు నిండిన ప్రభుత్వ వాహనాలను వేలంలో అమ్మి నడిపించే పద్ధతి పోయి, వాటిని తుక్కు చేయవలసి వచ్చినది. సమితి జీపు మెకానిక్కు చేతికి చేరిన దారి దానితో మూసుకొన్నది. అందుచేత ఒకప్పుడు తూకానికి అమ్మిన ముందు ఇరుసులకోసం ఇప్పుడు తుక్కు కొట్లు వెదకుతున్నారు. దొరికినదల్లా పనికిరాదు. ముందు ఇరుసు పళ్ళ లెక్క వెనుక ఇరుసు పళ్ళ లెక్కతో కలియవలె. యుద్ధకాలపు జీపులో పెద్ద చక్రానికి 39 పళ్ళు, చిన్నదానికి 8. తరువాతి జీపులలో 43కు 8. ఈ రెండు జాతుల ఇరుసులను ఒకే బండికి బిగించి లివరు కలిపితే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనుక చక్రాలు మరొక వేగంతో తిరుగజూచి, మధ్యనున్న గేరు డబ్బా పగులుతుంది. అందుకే ఎరిగినవాడు బేరమాడటానికి ముందు మూత విప్పించి, మసి గుడ్డతో గ్రీజు తుడిచి, పళ్ళను ఒకటొకటిగా లెక్కపెట్టుకొంటాడు.