ఫిలిప్పీన్స్ నర్సు దాటిన గడపలు

1898లో గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. ఆమెను పంపింది అమెరికాలోని లూథరన్ మిషన్. అదే ఏడు స్పెయిన్‌ను ఓడించిన అమెరికా, ఫిలిప్పీన్స్ దీవుల్ని తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. మిషన్ ఆసుపత్రులూ, వాటిలో ఇంగ్లీషులో సాగే నర్సు శిక్షణా తెలుగు జిల్లాలు ఎరిగినవే. అయితే మన దగ్గర మిషన్‌ది ఒక దేశం, పాలన ఇంకో దేశానిది. ఫిలిప్పీన్స్‌లో రెండూ అమెరికావే. ఆసుపత్రి, బడి, పాఠ్యపుస్తకం, పరీక్ష, సర్కారు ముద్ర అన్నీ ఒక్క దేశం నుంచే దిగాయి. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏ దేశం వార్డులోనైనా పనిచేయగల నర్సుగా ఎలా తయారైంది అన్న కథకు మొదలు ఇక్కడే ఉంది.

పనై ద్వీపంలోని ఇలోయిలో పట్టణంలో అమెరికన్ మిషనరీలు నడిపే ఆసుపత్రిలో 1906లో నర్సింగ్ స్కూలు పెట్టారు. దేశంలో అదే మొదటిది. 1909లో అక్కణ్నుంచి పట్టా పుచ్చుకున్నవాళ్లు ముగ్గురే. పరాయి మగవాళ్ల ఒంటికి మందు రాయడం, మలమూత్రాలు ఎత్తడం పనివాళ్లు చేసే పనని, కాస్త కలిగిన ఇళ్లవాళ్లు ఆడపిల్లల్ని పంపడానికి ఒప్పుకునేవారు కారు. 1907లో మనీలాలో స్కూళ్లు తెరిచాక ఆ జంకు నెమ్మదిగా తగ్గింది. 1919లో నర్సింగ్ చట్టం వచ్చి పరీక్షల బోర్డును ఏర్పరిచింది. 1922లో అనస్టాసియా గిరోన్ టుపాస్ చొరవతో నర్సుల సంఘం పుట్టింది. ఫిలిప్పీన్స్ జనరల్ ఆసుపత్రిలో మొదట్లో అమెరికన్ నర్సులదే పెత్తనం. అక్కడ నర్సులందరికీ పైఅధికారి అయిన మొదటి ఫిలిప్పీన్స్ మహిళ ఆమె. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 1946లో దేశం స్వతంత్రమయ్యేనాటికి అక్కడ ఒక తరం నర్సులు అమెరికా పద్ధతిలో, అమెరికా భాషలో చదివి సిద్ధంగా ఉన్నారు. వాళ్లను ఎగుమతి చేద్దామని అప్పటికింకా ఎవరూ అనుకోలేదు. పాఠాలు మాత్రం అందుకు అచ్చంగా సరిపోయేలా ఉన్నాయి.

1948లో అమెరికా విదేశీ సందర్శకుల మార్పిడి పథకం పెట్టింది. కాగితం మీద దాని ఉద్దేశం మంచిదే. వేరే దేశాల యువత రెండేళ్లు అమెరికాలో ఉండి, పని నేర్చుకుని, ఆ దేశం మీద మంచి అభిప్రాయంతో ఇంటికి తిరిగి వెళ్లాలి. యుద్ధం తర్వాత అమెరికాలో ఆసుపత్రులు పెరిగాయి, నర్సులు చాల్లేదు. దాంతో మార్పిడికి వచ్చిన నర్సుకు చేతి ఖర్చులకి భత్యం ఇచ్చి, పూర్తి నర్సు డ్యూటీ చేయించుకున్న ఆసుపత్రులు చాలా ఉన్నాయి. 1956 నుంచి 1969 వరకు ఈ దారిన వెళ్లిన ఫిలిప్పీన్స్ నర్సులు 11 వేలకు పైనే. మనీలాలో ట్రావెల్ ఏజెన్సీలు ఇప్పుడు విమానమెక్కండి, డబ్బు తర్వాత కట్టండి అని ప్రకటనలు వేసేవి. అప్పటి అర్హత చాలా సులువు. ఫిలిప్పీన్స్‌లో నర్సు పట్టా ఉండాలి, స్పాన్సర్ చేసే ఆసుపత్రి ఉండాలి. అమెరికా వెళ్లాక పరీక్ష రాయమని ఎవరూ పట్టుబట్టలేదు. అక్కడివాళ్లు ఆమెను నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థిగా లెక్కవేశారు, పని మాత్రం ఉద్యోగి పనే చేయించారు.

1965లో అమెరికా వలస చట్టం మారడంతో ఆ సులువు పోయింది. జాతుల వారీ కోటాలు రద్దయి, అవసరమైన వృత్తులవాళ్లు శాశ్వతంగా ఉండిపోయే వీలు కలిగింది. అక్కడ నర్సుగా స్థిరపడాలంటే రాష్ట్ర లైసెన్సు కావాలి. అమెరికాలో నర్సు లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, ఒక్కో రాష్ట్రానికీ ఒక బోర్డు. పరీక్షలో అమెరికా ఆసుపత్రుల మాటతీరు, వాళ్ల మందుల పేర్లు, వాళ్ల మానసిక వైద్య పద్ధతులు తెలియాలి. ఎందరో తప్పారు. తప్పినవాళ్లు సహాయకులుగా తక్కువ జీతానికి అదే వార్డుల్లో, చాలాసార్లు అదే నర్సు పని చేశారు. లైసెన్సు లేనిదాన్ని అనే భయంతో నోరెత్తలేకపోయారు.

ఇదే కాలంలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో 1975 వేసవిలో ఎందరో రోగులకు ఉన్నట్టుండి ఊపిరి ఆగింది, కొందరు చనిపోయారు. ఫిలిపినా నార్సిసో, లియొనోరా పెరెజ్ అనే ఇద్దరు ఫిలిప్పీన్స్ నర్సుల మీద కేసు పెట్టారు. కళ్లారా చూసిన సాక్షి లేకపోయినా 1977లో జ్యూరీ వాళ్లను దోషులంది. జడ్జి ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారణకు ఆదేశించాక, 1978లో ప్రభుత్వం కేసు ఎత్తేసింది. అమెరికాలోని ఫిలిప్పీన్స్ నర్సులు సంఘటితమై లైసెన్సు విషయంలో న్యాయం అడగడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. నర్సు వృత్తి చరిత్ర చెప్పేటప్పుడు ఈ కేసును ఒక పక్కన పెట్టేయాలనిపించవచ్చు. నా దృష్టిలో అది సరికాదు. విదేశీ నర్సు చదువును ముందే జల్లెడ పట్టాలన్న వాదన బలపడిన కాలమూ, విదేశీ నర్సును అనుమానంగా చూసిన కాలమూ ఒకటే. రెంటినీ కలిపి చదవాలి.

జల్లెడ 1977లోనే వచ్చింది. విదేశీ నర్సింగ్ పట్టభద్రుల కమిషన్ అనే సంస్థ ఫిలడెల్ఫియాలో ఏర్పడింది. దీన్ని సీజీఎఫ్‌ఎన్‌ఎస్ అంటారు. నర్సింగులోనూ ఇంగ్లీషులోనూ పరీక్ష సొంత దేశంలోనే పెట్టి, నెగ్గినవాళ్లనే బయల్దేరనివ్వడం దాని పద్ధతి. సముద్రం దాటాక తప్పి సహాయకురాలిగా మిగిలిపోయే దుస్థితి దీంతో కొంత తప్పిన మాట నిజం. కానీ పరీక్ష ఫీజులు, కోచింగు ఖర్చు, తప్పితే పోయే సొమ్ము అన్నీ నర్సు మీద పడ్డాయి. నర్సుల్ని పిలిపించుకునే ఆసుపత్రి మీద పడాల్సిన ఖర్చు, అప్పుచేసి చదివిన అమ్మాయి నెత్తికెక్కింది. అక్కణ్నుంచి ఈ వృత్తి చరిత్రంతా ఆ బరువు చుట్టూనే తిరుగుతుంది.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కూడా అప్పటికి దిశ మార్చింది. ఫెర్డినాండ్ మార్కోస్ హయాంలో 1974 నాటి కార్మిక చట్టం విదేశీ ఉద్యోగాలను రాజ్య విధానం చేసింది. 1982లో విదేశీ ఉపాధి పరిపాలన సంస్థ పుట్టింది. చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కొత్త ఆసుపత్రులు లేచాయి. సౌదీ అరేబియా ఫిలిప్పీన్స్ నర్సులను అందరికంటే ఎక్కువగా తీసుకునే దేశమైంది. అక్కడ శాశ్వత నివాసం ఉండదు, కాంట్రాక్టు ఉంటుంది, ముగిస్తే తిరిగి రావాలి. అందుకే ఒక దారి అలవాటైపోయింది. సొంత దేశంలో రెండేళ్లు, గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఆ అనుభవంతో అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లడం. మన కరీంనగర్, కడప జిల్లాల గల్ఫ్ ఇళ్లలో ఈ లెక్కలు తెలియనివాళ్లు ఉండరు. మనవాళ్లు ఎక్కువగా కూలి పనులకూ ఇంటి పనులకూ వెళ్లారు, ఫిలిప్పీన్స్ నుంచి వాటితో పాటు నర్సులూ వెళ్లారు.

అమెరికా తలుపు మాత్రం కొరత వచ్చినప్పుడు తెరుచుకుని, తీరినప్పుడు మూసుకుంది. 1989లో నర్సులకే ప్రత్యేక వీసా పెట్టారు, 1995లో అది ఆగింది. 1996 చట్టం వీసాస్క్రీన్ అనే ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. చదువు సరిచూడటం, లైసెన్సు సరిచూడటం, ఇంగ్లీషు పరీక్ష, నర్సింగ్ పరీక్ష అన్నీ అందులో చేరాయి. లైసెన్సు పరీక్ష 1982 నుంచి ఎన్‌క్లెక్స్ పేరుతో నడుస్తోంది. 1994లో కంప్యూటరుకి మారింది. జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టమో తేలికో అవుతుంది. చాలాకాలం దాన్ని అమెరికా గడ్డ మీదే రాయాలి కాబట్టి, విమానం చార్జీలు పెట్టుకుని సైపాన్ దీవికి వెళ్లి రాసొచ్చేవారు. 2005లో హాంకాంగ్ లాంటి చోట్ల, 2007లో మనీలాలోనే కేంద్రం తెరిచారు. ఇప్పుడది హైదరాబాదులోనూ రాయవచ్చు.

2000 తర్వాతి కొన్నేళ్లు ఫిలిప్పీన్స్‌లో నర్సింగ్ ఒక జ్వరం. 1950లో 17 ఉన్న నర్సింగ్ స్కూళ్లు 1970కి 140 అయ్యాయి, 2000ల మధ్యకి 450 దాటాయి. డాక్టర్లు మళ్లీ తరగతిలో కూర్చుని నర్సులయ్యారు. 2004లో దేశ వైద్య పరీక్షలో మొదటి స్థానం వచ్చిన యువకుడు నర్సుగా అమెరికా వెళ్తానని చెప్పినప్పుడు దేశమంతా బాధపడింది. తనిఖీ లేకుండా వెలిసిన కాలేజీల్లో వార్డు అనుభవం అంతంత మాత్రం. పట్టా వచ్చాక అనుభవం కోసం వేలమంది జీతం లేని స్వచ్ఛంద నర్సులయ్యారు. కొన్ని ఆసుపత్రులు శిక్షణ రుసుం అంటూ వాళ్ల దగ్గరే డబ్బు వసూలు చేశాయి. విదేశీ ఆసుపత్రులు అనుభవ పత్రం అడుగుతాయని తెలుసు కనుక వాళ్లు కట్టారు. రోగులకు రాత్రంతా సేవచేసి పైగా ఎదురు డబ్బు చెల్లించడం అన్యాయమని చెప్పడానికి పెద్ద వాదన అక్కర్లేదు. 2011లో ఆరోగ్య శాఖ దాన్ని నిషేధించింది.

ఆ జ్వరం 2006 జూన్‌లో అసలు రూపం చూపింది. జాతీయ నర్సింగ్ పరీక్షలో రెండు భాగాల ప్రశ్నలు బయటికి పొక్కాయి. బాగియో నగరంలో పరీక్ష రాసినవాళ్లే ఫిర్యాదు చేశారు. నెగ్గినవాళ్లు 17 వేలకు పైగా, వాళ్లలో అత్యధికులు ఏ పాపమూ ఎరగనివాళ్లు. 2007 ఫిబ్రవరిలో సీజీఎఫ్‌ఎన్‌ఎస్ ఆ రెండు భాగాలూ మళ్లీ రాస్తే తప్ప వీళ్లకు వీసాస్క్రీన్ ఇవ్వమంది. మనీలాలో లైసెన్సు చెల్లుతుంది, అమెరికాకు చెల్లదు. తమ పిల్లల చదువుకు తుది విలువ కట్టేది ఫిలడెల్ఫియాలోని సంస్థని దేశానికి ఇంత స్పష్టంగా ఇంకెప్పుడూ అర్థంకాలేదు. ఆ ఏడే చాలామంది మళ్లీ రాశారు.

పరీక్షలన్నీ దాటి అర్హత తెచ్చుకున్నవాళ్లకీ భద్రత దొరకలేదు. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక నర్సింగ్ హోముల సంస్థ ఇచ్చిన మాట తప్పిందని ఫిలిప్పీన్స్ నర్సులు రాజీనామా చేశారు. వాళ్లలో పదిమంది మీద వెంటిలేటర్ మీదున్న పిల్లల్ని ప్రమాదంలో వదిలేశారంటూ క్రిమినల్ కేసు పెట్టారు. డ్యూటీ ముగించుకునే వెళ్లారు, పిల్లలకేమీ కాలేదు. 2009 జనవరిలో పైకోర్టు ఆ కేసు నిలిపేసింది. మనిషిని బలవంతంగా పనిలో ఉంచకూడదన్న రాజ్యాంగ సవరణను గుర్తు చేసింది. ముందే మానేస్తే 25 వేల డాలర్లు కట్టాలన్న షరతు కూడా చెల్లదని 2019లో ఇంకో తీర్పు వచ్చింది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. 2000 ప్రాంతాల్లో నర్సులు కొన్ని నెలలు అక్కడి ఆసుపత్రిలో ఎవరో ఒకరి పర్యవేక్షణలో పనిచేసి నమోదు పొందేవారు. నా లెక్కన అది మేలైన పద్ధతి. నర్సుకు ఏం వచ్చో పక్కనున్నవాళ్లు కళ్లతో చూసి తేల్చేవారు. 2014 నుంచి దాని స్థానంలో కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత బ్రిటన్‌లో చేసి చూపించే పరీక్ష వచ్చాయి. వీటికి తోడు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష. ఇంగ్లీషులోనే నర్సింగు చదివిన అనుభవజ్ఞులు వ్యాసరచనలో అరమార్కు తక్కువై ఆగిపోతుంటే, 2018లో రాతకు కావలసిన మార్కు 7 నుంచి 6.5కి తగ్గించారు. ఇలా బ్రిటన్ వెళ్లినవాళ్ల పనిని ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2020 డిసెంబర్ 8న కొవెంట్రీలో, పరీక్షల దశ ముగిసిన ఫైజర్ టీకాను ప్రపంచంలో మొదట వేసింది మే పార్సన్స్ అనే ఫిలిప్పీన్స్ నర్సు.

భాష ఎంత పెద్ద గోడో జపాన్ చూపింది. రెండు దేశాల ఆర్థిక ఒప్పందం కింద 2009లో మొదటి జట్టు వెళ్లింది. మూడేళ్లలో జపనీస్‌లో జాతీయ పరీక్ష నెగ్గాలి, లేదా తిరిగి రావాలి. 2010లో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అభ్యర్థులు 254 మంది రాస్తే నెగ్గింది ముగ్గురు, వాళ్లలో ఫిలిప్పీన్స్ నుంచి ఒక్కరే. పుండ్ల పేర్లు కూడా కంజీ లిపిలో చదవాల్సి వచ్చింది. విమర్శ వచ్చాక అక్షరాల పక్కన ఉచ్చారణ అచ్చువేశారు. జర్మనీ 2013లో ట్రిపుల్ విన్ పేరిట ఒప్పందం చేసుకుంది. అందులో భాషాశిక్షణ ఖర్చు యజమానిదే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది కనుక, ఖర్చు ఎవరిదన్న ఈ తేడా మన ఇళ్లకూ సంబంధించిందే.

ఇవాళ మనీలా నుంచి బయల్దేరే నర్సు చేయాల్సిన పని ఇది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఏడాదికి రెండుసార్లు జరిగే జాతీయ పరీక్షలో సగటున 75 శాతం, ఏ భాగంలోనూ 60కి తగ్గకుండా. సాధారణంగా రెండేళ్ల ఆసుపత్రి అనుభవం. ఆ తర్వాత వెళ్లే దేశాన్ని బట్టి ఎన్‌క్లెక్స్, బ్రిటన్ పరీక్షలు, సౌదీ లైసెన్సు పరీక్ష, జర్మన్‌లో బీ2 స్థాయి. చివరిగా ప్రయాణానికి ముందు అవగాహన తరగతి, విదేశీ ఉపాధి ధ్రువపత్రం. అమెరికాకైతే ఇన్నీ అయ్యాక కూడా గ్రీన్‌కార్డు వరస కదలాలి. వరస వెనక్కి జరిగితే నెగ్గిన పరీక్ష కాగితాలతో ఏళ్లు వేచి ఉండాలి, ఇంగ్లీషు మార్కుల గడువు తీరి మళ్లీ రాయాలి.

కోవిడ్ వచ్చినప్పుడు దేశంలో ఉన్న నర్సులు చాలరని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో విదేశ ప్రయాణాలు ఆపింది. నవంబరులో ఏడాదికి 5 వేల మందికి అనుమతించింది. అదే ఏడు అమెరికాలోని ఒక నర్సుల సంఘం లెక్క వెలువడింది. అక్కడి నర్సుల్లో నూటికి నలుగురే ఫిలిప్పీన్స్ మూలాలవాళ్లు. కోవిడ్‌తో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడోవంతు వాళ్లే. ఐసీయూల్లో, ముసలివాళ్ల నర్సింగ్ హోముల్లో, రోగి మంచం దగ్గరే ఎక్కువగా ఉన్నది వాళ్లు.

మరి సొంత దేశంలో వాళ్లకు ఏమిస్తున్నారు? 2002 నాటి నర్సింగ్ చట్టం ప్రభుత్వ నర్సుకు కనీస జీతం శ్రేణి 15గా నిర్ణయించింది. అమలు కాలేదు. నర్సుల పార్టీ సుప్రీంకోర్టుకెళ్లి 2019లో ఆ నిబంధన చెల్లుతుందన్న తీర్పు తెచ్చుకున్నాక, 2020లో ప్రభుత్వ నర్సు జీతం నెలకు సుమారు 32 వేల పెసోలకు చేరింది. చట్టానికీ జీతానికీ మధ్య పద్దెనిమిదేళ్లు గడిచాయి. ప్రైవేటు ఆసుపత్రులకు ఆ శ్రేణి వర్తించదు, అక్కడ జీతాలు ఇంకా బాగా తక్కువ. 2021 డిసెంబరు చట్టంతో వలస కార్మికులకు ఒక పూర్తి మంత్రిత్వ శాఖ వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు మాత్రం అలాంటి జీతపు హామీ ఇచ్చే చట్టం ఇంకా రావాల్సే ఉంది.