దేవిడీ నుంచి డిపార్టుమెంటు దాకా

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పెన్షనర్లందరికీ తెలిసినదే. పెన్షన్ యజమాని దయతో ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది దాని సారాంశం. గుమాస్తాకైనా, గాయకుడికైనా ఈ సూత్రం ఒక్కటే. అయితే గాయకుడికి ఆ హక్కు అందడానికి చాలాకాలం పట్టింది. సంగీత కళాశాలలు, విశ్వవిద్యాలయ సంగీత శాఖలు సాధించిన వాటిలో దీన్నే నేను మొదటిదిగా లెక్కిస్తాను.

మేముండే శాలిబండ ఒకప్పుడు దేవిడీల పేట. హైదరాబాదు ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ గారి దేవిడీ ఇక్కడే ఉండేది. రాజా రాయ్ రాయన్ వారి దేవిడీకి గుర్తుగా గడియార స్తంభం మిగిలింది. ఆనాడు కళాకారుడి బతుకు ఇటువంటి ప్రభువుల ఆదరణ మీదనే నడిచేది. ఆదరణ దొరికితే వైభోగమే. కవయిత్రి, గాయని మహ్ లఖా బాయి చందా (1768-1824) జాగీర్లు పొందిన విదుషీమణి. కానీ అందరి నుదుటా ఆ రాత ఉండదు గదా!

మేవాతీ ఘరానాకు చెందిన పండిత్ మోతీరాం గారి సంగతి చూడండి. 1934లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో ఆస్థాన గాయకుడిగా నియామకం జరగవలసిన రోజే ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే జాయినింగ్ రిపోర్టు ఇవ్వకముందే కథ ముగిసింది. ఫ్యామిలీ పెన్షన్ లేదు, కారుణ్య నియామకం లేదు. సంసార భారం పెద్దకొడుకు మణిరాం గారి భుజాన పడింది. అప్పటికి నాలుగేళ్ళ పసివాడైన తమ్ముడు మొదట తబలా నేర్చి, తర్వాత గాత్రంలోకి వచ్చాడు. ఆయనే పండిత్ జస్రాజ్. 2020లో కాలం చేసేదాకా తండ్రి, అన్నల పేర మన నగరంలో ఉత్సవాలు జరిపించారు. ఆ కుటుంబం నిలబడిందంటే అది వాళ్ళ సాధన వల్ల, ఏ నిబంధన వల్లా కాదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీలలో దీపాలు తగ్గాయి. పాత పద్ధతి మాత్రం ఒక్కసారిగా పోలేదు. పద్మభూషణ్ ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ పక్షవాతంతో బాధపడుతూ, చివరి రోజులు నవాబు జహీర్ యార్ జంగ్ గారి అతిథిగా బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిపి, 1968 ఏప్రిల్‌లో పరమపదించారు. మా పేటకు దగ్గరలోనే దాయెరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉన్నది. నవాబు గారి ఔదార్యానికి నమస్కరించాలి. అయినా అంతటి విద్వాంసుడు జబ్బున పడితే ఆదుకోవడానికి ఒక మనిషి మంచితనమే దిక్కు కావడం ఆలోచించదగ్గ విషయం.

కోస్తా జిల్లాల్లో ఇంకో దారి అంతకుముందే పడింది. 1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల అక్కడి విద్యార్థులే. స్థాపించినది రాజుగారే అయినా, అది కచేరీకి ఇచ్చే బహుమానం కాదు, పాఠానికి ఇచ్చే జీతం. తేడా అక్కడుంది. కళాశాల తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది.

హైదరాబాదు రామకోటిలో ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల 1952లో వెలిసింది. నూకల చిన సత్యనారాయణ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి మహా విద్వాంసులు ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ప్రిన్సిపాళ్ళుగా పనిచేశారు. వాళ్ళకూ మనలాగే సర్వీసు రిజిస్టరు, ఇంక్రిమెంటు, కరువు భత్యం!

1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తూమాటి దోణప్ప గారు తొలి ఉపాధ్యక్షులు. సంగీత నాటక అకాడమీ మొదలైన సంస్థలు అందులో విలీనమయ్యాయి. 1998లో పొట్టి శ్రీరాములు గారి పేరు, 2025లో సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు దానికి పెట్టారు. అక్కడ సంగీతం ఎం.ఏ. స్థాయి చదువైంది, పరిశోధనాంశమైంది. దూరవిద్య ద్వారా సంగీత విశారద, లలిత సంగీతం డిప్లొమా వంటివి కూడా పెట్టడంతో ఉద్యోగస్థులకూ, గృహిణులకూ తలుపు తెరుచుకుంది. ఏ ఇంటి పిల్లవి, ఎవరి సిఫారసు అని అడిగే పని లేదు. అర్హత ఉంటే దరఖాస్తు చాలు.

సర్టిఫికెట్టుతో విద్వాంసులవుతారా అని కొందరి ఆక్షేపణ. కారు, నిజమే. సాధన ఎవరికి వారు చేయవలసిందే. కానీ సాధనకు తీరిక కావాలి, తీరికకు తిండి కావాలి. శ్రీపాద పినాకపాణి గారు (1913-2013) వైద్య కళాశాల ఆచార్యులుగా జీతం తెచ్చుకుంటూ, సంగీతాన్ని ఉదారంగా పంచిపెట్టారు. అందరు గాయకులూ డాక్టర్లు కాలేరు. మిగిలినవారికి ఆ నిశ్చింత ఇవ్వగలిగింది శాఖలోని శాశ్వత పోస్టు ఒక్కటే.

ఆ పోస్టే ఇప్పుడు అరుదవుతున్నది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు మన పెన్షన్ పద్ధతిలోకి రారు. విశ్వవిద్యాలయాల్లో ఒప్పందం మీద, పార్ట్‌టైం మీద పాఠాలు చెప్పేవారు చాలామంది. సెలవుల్లో జీతం ఉంటుందో లేదో, వచ్చే ఏడు పిలుస్తారో లేదో తెలియని గురువు, దేవిడీ గుమ్మంలో నిలబడ్డ పాతకాలపు గాయకుడి కంటే ఏ విధంగా మెరుగు? కాకపోతే అప్పుడు నవాబు గారి చిత్తం, ఇప్పుడు ఫైలు చిత్తం.

మన సంఘం ఏటా ఇచ్చే వినతిపత్రంలో మన బకాయిలతో పాటు ఒక వాక్యం అదనంగా చేర్చాలని నా ప్రతిపాదన. సంగీత శాఖల్లో ఖాళీలను శాశ్వత ప్రాతిపదికన భర్తీ చేయాలని కోరుదాం. మనం అనుభవిస్తున్న హక్కు మన మనవలకు పాట నేర్పే గురువులకూ ఉండాలి. సభ్యులు ఆలోచించగలరు.