రూటర్ డబ్బాలో మడత కాగితం

వైఫై రూటర్ కొన్నవాళ్లు డబ్బా విప్పి అడాప్టర్, వైరు తీసుకుంటారు. అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఓ పల్చటి మడత కాగితం మిగిలిపోతుంది. చెన్నై రిచీ వీధిలో మా కొట్టు ముందు పొద్దున్నే ఊడిస్తే వచ్చే చెత్తలో సగం అదే. ఇందులో కొంత ప్రోగ్రాము జీపీఎల్ లైసెన్సు (ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ లైసెన్సు ప్రతీ మూలకోడూ అందివ్వాలి) కిందిది, మూలకోడ్ కావాలంటే ఉత్తరం రాయండి అని దాని సారాంశం.

ఆ కాగితానికి కోర్టులో బలం వచ్చింది జర్మనీలో. ఆ లైసెన్సు కిందే ఉన్న లినక్స్‌లో నెట్‌ఫిల్టర్ రాసినవాళ్లలో హారాల్డ్ వెల్టే ఒకడు. వచ్చీపోయే డేటాను వడగట్టే జల్లెడ అది. హాలండ్ కంపెనీ సైట్‌కామ్ దాన్ని తన వైర్‌లెస్ రూటర్‌లో పెట్టి అమ్ముకుంది. లైసెన్సు ప్రతీ ఇవ్వలేదు, మూలకోడూ ఇవ్వలేదు. 2004 ఏప్రిల్‌లో మ్యూనిక్ జిల్లా కోర్టు అలా అమ్మొద్దంది, మే 19న ఆ మాటే ఖాయం చేసింది. ఆ తర్కం నాకు భలే నచ్చింది. లైసెన్సు చెల్లదంటావా? అయితే నీకు వాడుకునే హక్కే లేదు, ఆ హక్కు ఇచ్చిందే ఆ కాగితం కదా! కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే.

జర్మనీలో ఇలాంటి తీర్పు ఇంకో జిల్లా కోర్టును కట్టిపడెయ్యదు. అయినా 2006లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు డీ-లింక్ కంపెనీ విషయంలో అదే దారి పట్టింది. 2016లో హాంబర్గ్‌లో మాత్రం లినక్స్ రాసినవాళ్లలో ఒకడైన క్రిస్టోఫ్ హెల్విగ్ వీఎంవేర్ కంపెనీ మీద వేసిన ఇలాంటి దావాలో ఓడిపోయాడు. ఇంతమంది కలిసి రాసిన లినక్స్‌లో నీ కోడ్ వరసలేవో, అవి వాళ్ల సరుకులో ఎక్కడున్నాయో చూపించమంది కోర్టు. చీరలో నీ పోగేదని నేతగాణ్ణి అడిగినట్టు.

నేత అంటే మా చింతాద్రిపేటే గుర్తొస్తుంది. 1734లో మద్రాసు గవర్నర్ జార్జ్ మోర్టన్ పిట్ కూవం నది వంపులో వర్తకుడు సుంకురామ చెట్టి తోట పుచ్చుకుని ఈ పేట వేయించాడు. వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దకంవాళ్లు, చలువచేసేవాళ్లు, గుడికి కావలసినవాళ్లు తప్ప ఇంకెవరూ కాపురముండకూడదని షరతు. తమిళంలో చిన్న తరి, అంటే చిన్న మగ్గం, పేట పేరు అందులోంచే వచ్చిందంటారు. ఇవాళ మా వీధిలో మగ్గం చప్పుడే లేదు. షరతేమైందని అడిగినవాడూ లేడు.

నేనొకసారి ఓ కాగితం మీది చిరునామాకు ఉత్తరం రాశాను. నాలుగు నెలలకు సీడీ వచ్చింది. పక్క కొట్టు కుర్రాడి దగ్గర పాత డ్రైవు తెచ్చి తెరిస్తే, ఓ ఫైలు నెత్తిన వెల్టే పేరు.